అద్దం మీది మసి

కరెంటు పోతే బోధన్ పాత బజారులో ఒక్కొక్కరూ ఒక్కో తిట్టు తిడతారు. బట్టల దుకాణం రామ్‌దాస్ సేటు మరాఠీలో తిడతాడు. పిండి గిర్ని ముందు గంపలతో నిలబడ్డ ఆడవాళ్ళు సర్కారును తిడతారు. చెరకు తోటకు నీళ్ళు పెడుతున్న రైతు ఎవరిని తిట్టాలో తెలియక తన మోటారునే తిడతాడు. తిట్టనివాడు ఒక్క లింగమే. బల్బు ఆరగానే అతను లేచి, లుంగీ ఎగ్గట్టి, సందులో ఉన్న ఇంజను దగ్గరికి పోతాడు. అందుకే ఆ బజారులో అతని పేరు జనరేటర్ లింగం.

అది ఒకప్పుడు ఎడపల్లిలో చెరకు గానుగ తిప్పిన డీజిల్ ఇంజను. బెల్లం వండేవాళ్ళు తగ్గిపోయాక లింగం దాన్ని తెచ్చి, డైనమో తగిలించి, బజారులోని దుకాణాలకు తలా ఒక ట్యూబులైటు వెలిగిస్తున్నాడు. చలికాలం దాన్ని లేపడం అంటే మొండి దున్నను లేపినట్టే. హ్యాండిలు రెండు చేతులతో పట్టి, పళ్ళు బిగించి, బొంగరంలా తిప్పి, ఊపు అందుకున్నాక పైన మీట పడేస్తే ముందు దగ్గుతుంది, తర్వాత తుమ్ముతుంది, ఆపైన నల్లటి పొగ గుప్పున వదిలి లేస్తుంది.

ఆ పొగ ఎటు పోవాలన్నది పెద్ద సమస్యే. గొట్టం దుకాణాల వైపు తిప్పితే సేట్లు ఊరుకోరు. రోడ్డు వైపు తిప్పితే పోలీసులు ఊరుకోరు. హన్మవ్వ ఊరుకుంటుంది. అందుకని గొట్టాన్ని హన్మవ్వ ఇంటి వైపు తిప్పాడు.

హన్మవ్వ ఇల్లు ఆ సందు చివర, ముందర రేకుల వసారాతో ఉంటుంది. ఆమె బీడీలు చుడుతుంది. లింగం వైర్లన్నీ ఆమె గోడకు కొట్టిన మేకుల మీదుగా, ఆమె రేకుల మీదుగా పోతాయి గానీ, ఒక్కటి కూడా లోపలికి దిగదు. ఒకసారి ఆమె అడిగింది కూడా.

"లింగం, జర నాకో బల్బు తగిలియ్యరాదు కొడుకా? కండ్లు కనిపిస్తలేవు."

"లోడు ఎక్కువైతదవ్వా. వచ్చే సీజన్ల సూద్దాం."

సీజన్లు వచ్చాయి, పోయాయి. చెరకు బండ్లు ఫ్యాక్టరీకి పోయే కాలం మళ్ళీ వచ్చింది. హన్మవ్వ మళ్ళీ అడగలేదు. పొగ వచ్చినప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది, చప్పుడుకు గొంతు పెంచి మాట్లాడేది, అంతే. ఎదుటివాళ్ళు సహించినంత కాలం మనకు అది అన్యాయంగా తోచదు. లింగానికీ తోచలేదు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. లింగం హ్యాండిలు అందుకుని వంగాడు, వంగినవాడు అలాగే ఆగిపోయాడు. ఇంజను ఇంకా లేవనే లేదు. బజారంతా చీకటి. హన్మవ్వ వసారాలో మాత్రం పాలలాంటి వెలుగు. చప్పుడు లేదు, పొగ లేదు. ఆ వెలుగులో హన్మవ్వ, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని తలలు వంచి బీడీలు చుడుతున్నారు.

"గదేం దీపం అవ్వా?"

"సూర్యుని దీపం! పొద్దంతా ఎండ తాగుతదంట, మాపు వెలుగిస్తదంట. శారమ్మ తెచ్చిచ్చింది," అంది హన్మవ్వ. ఆ గొంతులో పెళ్ళికూతుర్ని చూపించే అత్త గర్వం ఉంది.

శారమ్మ మిషన్ కాంపౌండు మనిషి. చర్చి మహిళా సంఘం పనులు చూస్తుంది. నిజామాబాదులో ఇలాంటి దీపాలిచ్చేవాళ్ళ దగ్గర్నుంచి ఒక్క దీపం, దానికి ఎండను పట్టే అద్దం పలక తెచ్చి, బీడీలు చుట్టేవాళ్ళలో అందరికన్నా కళ్ళు మందగించినది హన్మవ్వేనని ఆమెకిచ్చింది. పలకను వసారా రేకుల మీద బిగించారు. సంక్రాంతి దాటేదాకా పరీక్ష. ఇది సరిగ్గా వెలిగితే ఇంకా కొన్ని దీపాలు వస్తాయి. వెలగకపోతే ఇది కూడా వెనక్కి పోతుంది.

లింగం మళ్ళీ వంగాడు. హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గి, తుమ్మి, నల్లటి పొగ హన్మవ్వ రేకుల మీదికి వదిలింది.

మర్నాడు రామ్‌దాస్ సేటు అతన్ని పిలిచి కూర్చోబెట్టాడు. సేటు ఊరికే కూర్చోబెట్టడని లింగానికి తెలుసు.

"లింగం, నీ ఇంజన్ కరెంటుకు ఎగుడు దిగుడు ఎక్కువ. నా ట్యూబులైట్లు మాటిమాటికి పోతున్నయి. తెల్ల ధోతులకు డీజిల్ వాసన. గిరాకీ ముక్కు మూసుకుంటుండ్రు. ఆ ముసలామె సోలార్ చూసినవా? దుకాణాలకు పెద్దవి గూడ వస్తయంట. ఆమెది ఎట్ల నడుస్తదో చూస్త. మంచిగ నడిస్తే నేను పెట్టిస్త. నేను పెట్టిస్తే తతిమ్మా సేట్లు ఆగుతరా?"

లింగం నవ్వి, "సూడుండ్రి సేటు, సూడుండ్రి," అన్నాడు. నవ్వు మూతి దాకే వచ్చింది.

ఇక చూడండి, ఆ రోజు నుంచి హన్మవ్వ దీపాన్ని ఆమెకన్నా ఎక్కువగా చూసుకున్నది లింగమే. కరెంటు పోవడమే ఆలస్యం, ముందు అటు చూసేవాడు, తర్వాతే ఇంజను. మొదట్లో ఆ దీపం బీడీలన్నీ కట్టలు కట్టి, చాటలు గోడకు ఆనించి, ఆడవాళ్ళు ఇళ్ళకు పోయేదాకా నిలిచేది. పోనుపోను త్వరగా పలచబడసాగింది. తర్వాత ఒళ్ళో ఆకు సగం ఉండగానే ఎర్రబడి ఆరిపోవడం మొదలైంది. బజారు మాట్లాడుకుంది. చలికాలం ఎండ చాలడం లేదని ఒకరు, పుణ్యానికి ఇచ్చిన వస్తువు అంతేనని ఒకరు.

లింగానికి లోలోపల హాయిగా ఉండేది. ఆ హాయికి సిగ్గు కూడా వేసేది. రెండూ ఒకే కడుపులో ఉండేవి.

ఒక ఉదయం వైరు జారి వేలాడుతుంటే, దాన్ని బిగించడానికి నిచ్చెన వేసి హన్మవ్వ గోడ ఎక్కాడు. ఆ పలకను దగ్గర్నుంచి చూడడం అదే మొదటిసారి. నీలంగా ఉండాల్సిన అద్దం బూడిద రంగులో ఉంది. ఒక మూలన హన్మవ్వ పెట్టిన పసుపు, మీద కుంకుమ బొట్టు. అంచుకు ఎండిన బంతిపూల దండ. అద్దం మీద నల్లటి రేకలు కొన్ని పడి ఉన్నాయి. అవి ఫ్యాక్టరీ మసి అనుకున్నాడు. చెరకు పిప్పి కాలిన మసి సీజన్లో ఊరంతా పడుతుంది, ఆరేసిన బట్టల మీద, వడియాల మీద. ఉఫ్ అని ఊదాడు. రేకలు ఎగిరిపోయాయి. కానీ అద్దం రంగు మారలేదు.

వేలితో గీశాడు. వేలు పోయిన మేర నీలం గీత పడింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసన అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. తన చేతులకు, తన లుంగీకి, తన అన్నానికి కూడా ఉండే వాసనే.

తల తిప్పి చూశాడు. కింద సందులో తన పొగ గొట్టం సూటిగా ఆ పలక వైపే నోరు తెరుచుకుని ఉంది.

"ఏం జేస్తున్నవు లింగం?" కింద నుంచి హన్మవ్వ.

"వైరు బిగిస్తున్ననవ్వా."

"గా అద్దం జర పైలం! దానికి దిష్టి తగిలినట్టుంది. రేపు నిమ్మకాయ కడత."

"కట్టు, కట్టు," అన్నాడు లింగం. దిగి వచ్చేశాడు.

మధ్యాహ్నం సేటు అడిగాడు. "ఏమంటది సోలార్?"

నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగాడు. "ఏమో సేటు. ఎండల దీపం చలిల వెలుగుతదా?"

"అచ్ఛా," అన్నాడు సేటు. ఆ ఒక్క మాటతో లింగం ఇంజనుకు ఇంకొన్నాళ్ళు ఆయుష్షు పోసినట్టయింది. కానీ ఆ పూట ఇంజను లేపుతూ గొట్టం వైపు చూడలేకపోయాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

దీపం కింద చీకటి అంటారే, లింగం ఇల్లు అలాంటిది. బజారంతా వెలిగించేవాడి ఇంట్లో కరెంటు పోతే గ్యాసునూనె బుడ్డి దీపమే. ఇల్లు బజారుకు దూరం, వైరు అందదు. అతని భార్య నాగవ్వ కూడా బీడీలు చుడుతుంది. మర్నాడు పొద్దున ఆమె తునికాకును తడిపి, గోనె గుడ్డలో చుడుతూ, అతని వైపు చూడకుండానే మాట్లాడింది.

"నిన్న గూడ కార్ఖానల బీడీలు సూసే సెకర్ నావి తీసి పారేసిండు. మూతి ముడుపు సక్కగ లేదంట. బుడ్డి కింద మూతి యాడ కనిపిస్తది? హన్మవ్వ కాడికి పొయ్యి కూసుంటె నాలుగు దినాలు మంచిగుండె. ఒక్కటి తియ్యలె. గిప్పుడు గాయమ్మ దీపం గూడ కండ్లు మూస్తున్నది."

లింగం పళ్ళు తోముతున్నవాడు ఆగాడు. "నువ్వు గక్కడ కూసుంటున్నవా?"

"ఎన్నడన్న అటు సక్కగ సూసినవా? దీపాన్ని సూస్తున్నవు. దీపం కింద ఎవలున్నరో సూస్తున్నవా?"

నాగవ్వ బొటనవేలి గోరు చివర ఆకు కోసుకుని నల్లగా మారింది. బీడీ మూతిని ముడిచే గోరు అది. లింగం దాన్నే చూస్తూ నోరు కడుక్కున్నాడు.  

హన్మవ్వ బీడీల గంప ఎత్తుకుని కార్ఖానాకు పోయిన సమయం చూసి నిచ్చెన వేశాడు. పైకి ఎక్కాక అతని చేయి అలవాటుగా నడుముకు పోయింది. ఇంజను మనిషికి తుడవడమంటే ఒకటే, నడుముకు చెక్కుకున్న గుడ్డ. దాంతో ఇంజను తుడుస్తాడు, చేతులు తుడుస్తాడు, ఒక్కోసారి మొహం కూడా తుడుస్తాడు. ఆ గుడ్డతోనే అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు, బొట్టు పోకుండా జాగ్రత్తగా, రుద్ది రుద్ది తుడిచాడు. మసి పోయింది. అద్దం మెరిసింది. మనసులో బరువు దిగినట్టయింది. అంతలో సేటు దుకాణం నుంచి ఎవరో "లింగం!" అని కేకేస్తే గాభరాగా దిగాడు. గుడ్డ రేకుల మీదే ఉండిపోయింది.

పాపం, మెరిసింది అద్దం కాదు, దాని మీది నూనె జిడ్డు. ఆ సాయంత్రం ఇంజను వదిలిన పొగ, పగలంతా చెరకు బండ్లు లేపిన దుమ్ము, ఫ్యాక్టరీ మసి, అన్నీ వచ్చి ఆ జిడ్డుకు అంటుకున్నాయి. మునుపు ఊదితే పోయేవి కూడా ఇప్పుడు పోవు. ఆ మరుసటి రోజు దీపం ఇలా వెలిగి అలా ఆరిపోయింది. లింగానికి అర్థం కాలేదు. తుడిచాను కదా అనుకున్నాడు. పాడైనట్టే ఉంది, ఇక నా చేతిలో ఏముంది అని కూడా అనుకున్నాడు. ఆ ఆలోచన అతనికి కొంచెం తేలికగానే ఉంది.

సంక్రాంతి దాటాక వచ్చిన ఆదివారం, చర్చి విడిచాక శారమ్మ వచ్చింది. దీపాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నిట్టూర్చింది.

"ఏం చెయ్యాలె హన్మవ్వా? నిజామాబాదోళ్ళు రేపు బండి పంపుతరు. వెలుగుతలేదంటే తీసుకపోతరు. ఇగ మిగిలిన దీపాలు గూడ రావు."

హన్మవ్వ ఏడవలేదు, అరవలేదు. ఎప్పుడూ ఊరుకునే మనిషి. ఆ రోజు మాత్రం నిచ్చెన తెప్పించుకుని, శారమ్మ కింద పట్టుకుంటే, పైకి ఎక్కి అద్దం చూసింది. దిగేటప్పుడు ఆమె చేతిలో ఒక నల్లటి గుడ్డ ఉంది. దాన్ని రెండు వేళ్ళతో చచ్చిన ఎలుకలా పట్టుకుని సందులోంచి బజారులోకి నడిచింది. వెనక శారమ్మ.

రామ్‌దాస్ సేటు దుకాణం ముందు లింగం డీజిల్ డబ్బా దించుతున్నాడు. నాగవ్వ అతనికి సద్ది తెచ్చి పక్కనే నిలబడింది.

"లింగం, గిది ఎవలది?"

బజారులో ఆ గుడ్డను గుర్తుపట్టని వాళ్ళు లేరు.

"నాదే అవ్వా."

"నా అద్దమంత నూనె పూసినవు కదరా! నీ పొగ మింగిన. నీ సప్పుడు ఇన్న. నా గోడకు మేకులు కొట్టుకున్నవు, ఒక్క మాట అన్ననా? దేవుడిచ్చిన ఎండ గూడ నీకు అడ్డమొచ్చెనా కొడుకా?"

సేటు కళ్ళద్దాలు సర్దుకుని, "అరె లింగం! గిదా నీ కథ?" అన్నాడు. పక్క దుకాణంవాళ్ళు బయటికి వచ్చారు. నాగవ్వ మొగుణ్ణి చూస్తోంది. ఆ చూపు అందరి మాటలకన్నా లోతుగా దిగింది.

ఒకందుకు లింగానికి కోపం వచ్చింది. చెయ్యని తప్పు మీద పడింది. చేసిన తప్పు ఎవరికీ తెలియదు. ఒట్టేసి కాదనొచ్చు. గుడ్డ గాలికి ఎగిరి పడిందనొచ్చు. సగం మంది నమ్ముతారు. అలా అంటే దీపం రేపటి బండి ఎక్కి పోతుంది, తన ఇంజను బతుకుతుంది. డీజిల్ డబ్బా కింద పెట్టాడు.

"ఖరాబ్ చేద్దామని కాదవ్వా. తుడిసిన. అద్దం మీద మసి ఉండె, తుడిసిన. గా గుడ్డతోని తుడువొద్దని తెల్వలె."

"ఏం మసి?" అంది శారమ్మ.

"నాదే. నా గొట్టం మసి. మొన్న ఎక్కినప్పుడే సూసిన. సూసి గూడ సెప్పలె." సేటు వైపు తిరిగాడు. "మీకు గూడ అబద్ధం జెప్పిన సేటు. ఆ దీపం మంచిదే. ఎండ గూడ మస్తుగున్నది. దాని మీద నా పొగ కూసున్నది, గంతే."

చెరకు బండి ఒకటి కిర్రుమంటూ వాళ్ళ మధ్య నుంచి పోయింది. ముందుగా తేరుకున్నది హన్మవ్వే. ఆమెకు తిట్టడం అలవాటు లేదు, అందుకే కోపం ఎక్కువసేపు నిలవలేదు.

"జిడ్డే గదా," అంది. "జిడ్డుకు కుంకుడుకాయలున్నయి."

హన్మవ్వ కుంకుళ్ళు దంచి వేడినీళ్ళలో పిసికింది. లింగం ఎక్కాడు. నాగవ్వ తన పాత చీర చింపి మెత్తటి పేలిక ఇచ్చింది, చెంబులు అందించింది. నురగ నల్లగా దిగి రేకుల మీదుగా కారింది. మళ్ళీ పోశారు, మళ్ళీ కారింది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగారు. పసుపు, కుంకుమ, అన్నీ కొట్టుకుపోయాయి.

"బొట్టు మల్ల పెట్టాల్నా అవ్వా?" అని అడిగాడు లింగం పైనుంచి.

"అద్దానికొద్దులే. పక్కన రేకుకు పెడత," అంది హన్మవ్వ.

పాత డబ్బా రేకు చుట్టి లింగం పొగ గొట్టానికి ఒక మెడ అతికించాడు. గొట్టం ఇప్పుడు నేరుగా ఆకాశంలోకి లేచింది. ఇన్నేళ్ళుగా ఆ పని చెయ్యడానికి ఒక పాత డబ్బా, ఒక పూట చాలునని అతనికి అప్పుడే తెలిసింది.

మర్నాడు నిజామాబాదు బండి వచ్చింది. శారమ్మ దాన్ని సాయంత్రం దాకా ఆపింది. కరెంటు తన వేళకు తాను పోయింది. లింగం హ్యాండిలు పట్టుకోలేదు. ముందు అటు చూశాడు. హన్మవ్వ మీట నొక్కింది. వసారా అంతా పాలవెలుగు పరుచుకుంది. ఆ వెలుగులో నాగవ్వ కూడా కూర్చుని ఉంది. చాట ఒళ్ళోకి లాక్కుని, గోటితో బీడీ మూతి ముడిచి, వెలుగుకు ఎత్తి చూసుకుంది. బండి ఖాళీగా పోయింది.

రామ్‌దాస్ సేటు దుకాణం గడపలో నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత, "లింగం, ఈ వారం చాలు. అయినంక నా వైరు తీసెయ్యి. ఏమనుకోకు, బురా నై మాన్నా," అన్నాడు.

"ఎందుకనుకుంట సేటు," అన్నాడు లింగం. ఆపైన పోయి ఇంజను లేపాడు. మిగిలిన దుకాణాలు వెలిగాయి. అవి ఎన్నాళ్ళో అతనికి తెలుసు.

వారం పోయాక ఉదయం సేటు వైరు విప్పడానికి హన్మవ్వ గోడ ఎక్కాడు. నిచ్చెన ఆమె పట్టుకుంది. మేకు మీద నుంచి వైరు తప్పించి, మోచేతికీ అరచేతికీ చుట్టుకుంటూ, కిందికి చూడకుండానే అడిగాడు.

"అవ్వా, శారమ్మక్కతోని ఒక్క మాట సెప్తవా? మా ఇంటిదానికి గూడ గసోంటి దీపం ఒకటి..."

మాట పూర్తి కాలేదు. కింద నిచ్చెన కదిలింది. హన్మవ్వ నవ్వుతోంది.

"నేను సెప్పుడేంది కొడుకా? నాకు దీపమొచ్చిన దినమే నీ పెండ్లాం శారమ్మ కాళ్ళేళ్ళ పడి అడిగింది. మల్ల వచ్చేటియ్యిల మొదటిది నాగవ్వదే. నీకు సెప్పొద్దన్నది, కోపమొస్తదని."

లింగం చేతుల్లో వైరు ఆగిపోయింది. ఆ బండిలో ఎక్కి వెనక్కి పోవాల్సింది హన్మవ్వ దీపం ఒక్కటే కాదన్నమాట, నాగవ్వకు రావాల్సినది కూడా. తర్వాత లుంగీ అంచుతో అద్దం తుడవబోయి, ఆగి, "అవ్వా, జర మంచి గుడ్డ ఇయ్యవా," అని అడిగాడు.